ఆఫీసు విండోస్ లాగిన్‌తో నడిచే వెబ్ అప్లికేషన్‌లో రోల్స్ ఎక్కడ ఉంచాలి?

ఆఫీసులో అందరూ పొద్దున్నే డొమైన్ (ఆఫీసు విండోస్ నెట్‌వర్క్) పాస్‌వర్డ్ కొట్టి కంప్యూటర్‌లోకి వస్తారు. ఇంట్రానెట్ అప్లికేషన్ కూడా అదే లాగిన్‌తో తెరుచుకోవాలని, మళ్లీ ఇంకో పాస్‌వర్డ్ అడగకూడదని అందరూ కోరుకుంటారు. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో అనానిమస్ (పేరు చెప్పకుండా వచ్చే ప్రవేశం) ఆఫ్ చేసి విండోస్ అథెంటికేషన్ ఆన్ చేస్తే ఆ కోరిక చాలావరకు తీరుతుంది, వచ్చిందెవరో అప్లికేషన్‌కు తెలుస్తుంది. అసలు పని అక్కడినుంచి మొదలవుతుంది. వచ్చినవారు ఏ పేజీ చూడొచ్చు, ఏ బటన్ నొక్కొచ్చు అన్నది, అంటే వాళ్ల రోల్ ఏమిటన్నది, ఎవరు చెప్పాలి? యాక్టివ్ డైరెక్టరీ (డొమైన్ ఖాతాలు, గ్రూపులు ఉండే చోటు) గ్రూపులా, మన డేటాబేస్‌లోని టేబులా, రెండూ కలిపా, క్లౌడ్ నుంచి వచ్చే టోకెనా (వచ్చిందెవరో, రోల్ ఏమిటో చెప్పే డిజిటల్ చీటీ)?

దీన్ని చాలామంది టెక్నాలజీ ప్రశ్నగా చూస్తారు. నాకు మాత్రం ఇది ముందు ఆఫీసు నడిచే తీరుకు సంబంధించిన ప్రశ్న. ఒక ఉద్యోగి బదిలీ అయితే అతని అధికారాలు మార్చేది ఎవరు? ఆ మార్పు ఎంతసేపట్లో అమలు కావాలి? ఈ రెండిటికీ మీ ఆఫీసులో నిజమైన జవాబు ఏమిటో కనుక్కుంటే ఎంపిక సగం పైగా అయిపోయినట్టే.

మాట్లాడుకోవడానికి ఒక అప్లికేషన్ పెట్టుకుందాం. ఒక ఫ్యాక్టరీలోనో యూనివర్సిటీలోనో నడిచే ఇండెంట్ అప్లికేషన్. విభాగాల సిబ్బంది తమకు కావలసిన సామగ్రికి ఇండెంట్ పెడతారు, విభాగాధిపతి ఆమోదిస్తారు, స్టోర్స్ వాళ్లు సరుకు ఇచ్చి నమోదు చేస్తారు. ఆడిట్ వాళ్లు అన్నీ చూడగలరు, ఏదీ మార్చలేరు. నాలుగే రోల్స్. చిన్నదే కానీ ఈ చర్చలో వచ్చే చిక్కులన్నీ ఇందులో ఉన్నాయి.

ముందు చూసుకోవలసింది

స్టోర్స్ కౌంటర్ మీద ఒకటే కంప్యూటర్, దానికి ఒకటే లాగిన్, మూడు షిఫ్టుల వాళ్లూ దాంట్లోనే పని చేస్తారనుకోండి. అక్కడ నెట్‌వర్క్ లాగిన్ కుర్చీ ఏదో చెబుతుంది కానీ అందులో కూర్చున్నది ఎవరో చెప్పదు. ఆసుపత్రి వార్డులు, ల్యాబులు, టికెట్ కౌంటర్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. అలాంటి చోట రోల్స్ ఎంత అందంగా డిజైన్ చేసినా సరుకు ఇచ్చిందెవరో రేపు తేలదు. ముందు ఒక్కొక్కరికి ఒక్కో డొమైన్ ఖాతా ఇప్పించండి. కుదరకపోతే సరుకు ఇచ్చే ఘట్టంలోనైనా వ్యక్తిగత పిన్ అడగండి.

ఇంకొకటి. అప్లికేషన్ వాడేవాళ్లలో డొమైన్ ఖాతా లేని కాంట్రాక్టు సిబ్బంది ఉన్నారా? ఫోన్లో వాడేవాళ్లు, వీపీఎన్ లేకుండా ఇంటినుంచి వాడేవాళ్లు ఉన్నారా? ఉంటే నేరుగా కింద క్లౌడ్ టోకెన్ల భాగానికి వెళ్లిపోండి. విండోస్ లాగిన్ వెనకుండే కెర్బెరోస్ పద్ధతిలో టికెట్ (గుర్తింపు చీటీ) కావాలంటే వాడుకరి కంప్యూటర్‌కు డొమైన్ కంట్రోలర్ (డొమైన్ లాగిన్‌లు సరిచూసే సర్వర్) అందుబాటులో ఉండాలి, బజార్లో ఫోన్ పట్టుకున్న మనిషికి అది ఉండదు.

లాగిన్‌తో పాటు ఏమేం వస్తాయి

కెర్బెరోస్ 1980ల్లో ఎంఐటీలోని అథీనా ప్రాజెక్టులో పుట్టింది. విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దాన్నే డొమైన్ లాగిన్‌కు ఆధారం చేసుకుంది. మీ బ్రౌజర్ ఇంట్రానెట్ సైట్‌కు వెళ్లినప్పుడు డొమైన్ కంట్రోలర్ దగ్గర ఆ సైట్ కోసం ఒక సర్వీస్ టికెట్ తీసుకుని సర్వర్‌కు చూపిస్తుంది. ఆ టికెట్ లోపల పేరుతో పాటు వాడుకరి సిడ్ (విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఆయన ఉన్న గ్రూపుల సిడ్‌లు కూడా ఉంటాయి. అంటే అప్లికేషన్ డైరెక్టరీని మళ్లీ అడగకుండానే గ్రూపుల జాబితా చేతికి వస్తుంది. కింద చెప్పే మొదటి పద్ధతికి బలం ఇదే, బలహీనత కూడా ఇదే.

టికెట్ రావాలంటే సైట్ పేరుకు సరైన ఎస్‌పీఎన్ (ఆ సైట్ ఏ సర్వీస్ ఖాతాదో చెప్పే పేరు) డైరెక్టరీలో నమోదై ఉండాలి. రెండు యంత్రాల గడియారాల మధ్య తేడా మామూలు సెట్టింగుల్లో 5 నిమిషాలు దాటకూడదు. వాడుకరి సైట్‌ను పేరుతో కాక ఐపీ అడ్రసుతో తెరిస్తే మామూలుగా కెర్బెరోస్ పనిచేయదు, పాత విండోస్ లాగిన్ పద్ధతి ఎన్‌టీఎల్‌ఎం‌కు జారిపోతుంది. ఎన్‌టీఎల్‌ఎం కనెక్షన్‌కు అంటిపెట్టుకునే పద్ధతి కాబట్టి మధ్యలో ప్రాక్సీ ఉంటే తెగిపోవడం మామూలే. పైగా 2024 జూన్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని విరమించే జాబితాలో చేర్చింది. కొత్తగా కట్టే అప్లికేషన్ ఎన్‌టీఎల్‌ఎం మీద ఆధారపడకుండా చూసుకోండి. పనిచేస్తోంది కదా అని వదిలేస్తే తర్వాత వెతకడం కష్టం. కమాండ్ ప్రాంప్ట్‌లో టికెట్లు చూపే కెలిస్ట్ ఆదేశం నడిపి మీ సైట్ పేరుతో టికెట్ ఉందో లేదో చూస్తే ఏది నడుస్తోందో తెలిసిపోతుంది.

డైరెక్టరీ గ్రూపులనే రోల్స్‌గా వాడుకోవడం

అన్నిటికన్నా తక్కువ కోడ్ రాసే దారి ఇది. "ఇండెంట్-ఆమోదం", "ఇండెంట్-స్టోర్స్" అని రెండు మూడు గ్రూపులు పెట్టించి, పేజీ మీద ఫలానా గ్రూపు వాళ్లకే అని రాస్తే సరిపోతుంది. మీరు రోల్స్ టేబుల్ కట్టక్కర్లేదు, అడ్మిన్ స్క్రీన్ కట్టక్కర్లేదు. ఉద్యోగి మానేస్తే ఐటీ వాళ్లు డొమైన్ ఖాతా మూసేస్తారు, మీ అప్లికేషన్ తలుపు కూడా దాంతోపాటే మూసుకుంటుంది. ఆడిటర్లకు కూడా ఇది నచ్చుతుంది, ఎవరికి ఏ అధికారం ఉందో ఒకేచోట చూడొచ్చు కాబట్టి. గ్రూపులో గ్రూపు పెట్టినా టికెట్లో అన్నీ విప్పి వస్తాయి, ఆ గొడవ మీకు ఉండదు.

ఇక కష్టాలు. మొదటిది ఆలస్యం. గ్రూపులో పేరు చేర్చగానే అధికారం రాదు. అప్పటికే వాడుకరి దగ్గరున్న టికెట్లో పాత జాబితాయే ఉంటుంది, మామూలు సెట్టింగుల్లో ఆ టికెట్ ఆయుష్షు 10 గంటలు. లాగాఫ్ చేసి మళ్లీ లాగిన్ అవమని చెప్పాలి. అధికారం ఇవ్వడంలో ఆలస్యమైతే విసుగొస్తుందంతే. తీసేయడంలో ఆలస్యమైతే అది ప్రమాదం. ఖాతా డిసేబుల్ చేసినా అప్పటికే చేతిలో ఉన్న సర్వీస్ టికెట్ గడువు తీరేదాకా చెల్లుతుంది. ఇండెంట్‌కు ఇది పర్వాలేదేమో కానీ చెల్లింపులు విడుదల చేసే అప్లికేషన్‌కు పనికిరాదు.

రెండోది, తాళం మీ చేతిలో ఉండదు. గ్రూపులో పేరు చేర్చేది ఐటీ విభాగం. విభాగాధిపతి సెలవు మీద వెళ్తూ తన పని ఇంకొకరికి అప్పగిస్తే, ఐటీకి రిక్వెస్ట్ పెట్టి, వాళ్లు చూసి, చేర్చి, సదరు వ్యక్తి లాగాఫ్ అయి వచ్చేసరికి సెలవు అయిపోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ కార్యాలయాల్లో పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడం ఎంత మామూలో తెలిసినవాళ్లకు ఈ బాధ ఊహించుకోవడం కష్టం కాదు. గడువుతో కూడిన గ్రూపు సభ్యత్వం విండోస్ సర్వర్ 2016 నుంచి ఉంది నిజమే. దానికి ఫారెస్ట్ (సంస్థ డొమైన్లన్నీ కలిసిన సముదాయం) మొత్తం ఆ స్థాయిలో ఉండాలి, ఒక ప్రత్యేక ఫీచర్ ఆన్ చేయాలి, ఆన్ చేశాక తిరిగి ఆఫ్ చేయడం కుదరదు. ఒక ఇండెంట్ అప్లికేషన్ కోసం ఏ డొమైన్ అడ్మినిస్ట్రేటరూ దానికి ఒప్పుకోరు.

మూడోది గ్రూపుల సంఖ్య. మెకానికల్ విభాగాధిపతి మెకానికల్ ఇండెంట్లనే ఆమోదించాలి, సివిల్‌వి కాదు. గ్రూపులతోనే ఇది చెప్పాలంటే విభాగానికో గ్రూపు కావాలి. 12 విభాగాలు, మూడు రోల్స్ అంటే 36 గ్రూపులు. రెండో క్యాంపస్ తెరిస్తే 72. ఇలా నాలుగు అప్లికేషన్లు పెరిగితే గ్రూపులు కుప్పలవుతాయి, ఏ గ్రూపు దేనికో ఎవరికీ గుర్తుండదు, తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

కుప్ప పెరిగితే సాంకేతికంగానూ దెబ్బ తగులుతుంది. టికెట్ హెచ్‌టీటీపీ హెడర్‌లో (బ్రౌజర్ పంపే రిక్వెస్ట్ పైభాగంలో) ప్రయాణిస్తుంది. ఎక్కువ గ్రూపుల్లో ఉన్న సీనియర్ అధికారి టికెట్ బరువెక్కుతుంది. ఐఐఎస్ కింద పనిచేసే హెచ్‌టీటీపీ డాట్ సిస్ మామూలుగా 16,384 బైట్లకు మించిన హెడర్‌ను ఒప్పుకోదు, 400 ఎర్రర్‌తో తిప్పి పంపుతుంది. ముందు ప్రాక్సీగా ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఉంటే మామూలు సెట్టింగుల్లో ఒక్క హెడర్ లైను 8 కేబీ దాటకూడదు. విండోస్ తనకుతానుగా ఒక టోకెన్‌లో 1,015 గ్రూపుల వరకే భరిస్తుంది. అందుకే కొత్తగా చేరినవాళ్లందరికీ సైట్ తెరుచుకుంటుంది, జనరల్ మేనేజర్‌కు మాత్రం తెల్ల పేజీ వస్తుంది. ఫిర్యాదు రావడానికి అంతకన్నా ఇబ్బందికరమైన మనిషి ఉండరు.

ఈ పద్ధతి ఎంచుకుంటే కోడ్‌లో గ్రూపు పేర్లు నేరుగా రాయొద్దు. ఎవరో ఒకరోజు గ్రూపు పేరు సరిచేస్తారు, లేదా రెండు సంస్థలు కలిసి డొమైన్ పేరే మారుతుంది. కనీసం కాన్ఫిగరేషన్ ఫైల్లో పెట్టండి, పేరు బదులు సిడ్ పెడితే ఇంకా మంచిది.

సొంత టేబుల్

దీనికి పూర్తిగా ఎదురుదారి: నెట్‌వర్క్ నుంచి మనిషిని మాత్రం తీసుకోవడం, రోల్స్ అన్నీ మన డేటాబేస్‌లోనే ఉంచుకోవడం. వాడుకరి, రోల్, విభాగం, ఎప్పటినుంచి, ఎప్పటివరకు. ఈ అయిదు కాలమ్‌లతో గ్రూపులు చెప్పలేని సంగతులన్నీ చెప్పేయొచ్చు. అదనపు బాధ్యత ఇవ్వాలంటే రెండు తేదీలు వేస్తే చాలు, గడువు దాటిన రోజున ఎవరూ ఏమీ చేయకుండానే అధికారం పోతుంది. తీసేసిన అధికారం తర్వాతి క్లిక్‌కే అమలవుతుంది. అధికారం ఇచ్చే పని విభాగాధిపతికే అప్పగించొచ్చు, ఐటీ దాకా వెళ్లక్కర్లేదు.

దీనికి ధర ఉంది. ఆ అడ్మిన్ స్క్రీన్ మీరే కట్టాలి. ఎవరు ఎవరికి ఏ అధికారం ఎప్పుడు ఇచ్చారో లాగ్ మీరే ఉంచాలి. మొట్టమొదటి అడ్మిన్ ఎవరో స్క్రిప్టులో పెట్టాలి, ఆ ఒక్కరూ మానేస్తే ఏం చేయాలో ముందే అనుకోవాలి. బదిలీ అయినవాళ్ల రోల్స్ ఎవరూ తీసేయకపోతే అలాగే పోగుపడతాయి. ఖాతా మూసేసినవాళ్లు లోపలికి రాలేరు కాబట్టి వాళ్ల వరుసలు మిగిలినా నష్టం లేదనుకుంటాం. కానీ బదిలీ మీద ఇంకో విభాగానికి వెళ్లినవాళ్లు ఇంకా సంస్థలోనే ఉంటారు, పాత విభాగపు ఇండెంట్లు ఆమోదిస్తూనే ఉండగలరు. ఈ పద్ధతిలో జరిగే తప్పుల్లో ఎక్కువభాగం ఇదే రకం. ప్రతి వరుసకూ ముగింపు తేదీ తప్పనిసరి చేయండి, ఏడాదికి మించి ఎవరికీ ఇవ్వకండి. పొడిగించమని అడిగినప్పుడే సమీక్ష జరుగుతుంది.

టేబుల్లో వాడుకరిని దేనితో గుర్తించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. లాగిన్ పేరు పెట్టేస్తారు చాలామంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే లాగిన్ పేరు మారుస్తారు, ఆమె రోల్స్ అన్నీ మాయమవుతాయి. దీనికన్నా ఘోరం ఇంకోటుంది. పాత తరహా విండోస్ లాగిన్ పేరు 20 అక్షరాలకే పరిమితం, మన ఊళ్లలో శ్రీనివాసులకు, లక్ష్ములకు కొదవలేదు. మానేసిన ఒకరి లాగిన్ పేరే రెండేళ్ల తర్వాత కొత్తవారికి ఇస్తే, వచ్చిన రోజే ఆయన పాత మనిషి అధికారాలన్నిటికీ వారసుడవుతాడు. సిడ్ అలా కాదు, ఒకరికిచ్చింది మరొకరికి ఇవ్వరు. టేబుల్లో సిడ్ ఉంచండి, పేరును చూపించడానికి మాత్రమే వాడండి. అయితే ఒక డొమైన్ నుంచి మరో డొమైన్‌కు ఖాతా తరలిస్తే సిడ్ మారుతుంది. విలీనాలు జరిగే సంస్థ అయితే ఉద్యోగి నంబరు కూడా ఒక కాలమ్‌గా పెట్టుకోండి.

రెండూ కలిపితే

ఎక్కువ అప్లికేషన్లకు నేను చెప్పేది ఇదే. తలుపు దగ్గరి నిర్ణయం డైరెక్టరీది, లోపలి గదుల నిర్ణయం అప్లికేషన్‌ది. "ఇండెంట్-వాడుకరులు" అనే ఒక్క గ్రూపులో ఉంటేనే లోపలికి ప్రవేశం. ఆడిట్ వంటి అరుదుగా మారే రోల్స్‌కు కూడా గ్రూపు సరిపోతుంది. ఏ గ్రూపు సిడ్‌కు ఏ అప్లికేషన్ రోల్ అన్నది ఒక మ్యాపింగ్ టేబుల్లో ఉంటుంది. విభాగాల వారీ ఆమోదాలు, తాత్కాలిక బాధ్యతలు సొంత టేబుల్లో తేదీలతో ఉంటాయి. కోడ్‌కు గ్రూపులూ తెలియవు, మనుషులూ తెలియరు. "ఇండెంట్ ఆమోదించగలరా" అన్న ప్రశ్న ఒక్కటే దానికి తెలుసు.

మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో దీనికి క్లెయిమ్స్ (వాడుకరి గురించిన వివరాలు) ట్రాన్స్‌ఫర్మేషన్ అనే చోటు సిద్ధంగా ఉంది. లాగిన్ తేలగానే ఫ్రేమ్‌వర్క్ మీ కోడ్‌ను పిలుస్తుంది, మీరు టేబుల్ చూసి క్లెయిమ్స్ జోడించి పంపుతారు. అది ఒకే రిక్వెస్ట్‌లో ఒకటికన్నా ఎక్కువసార్లు నడవొచ్చు. కాబట్టి జోడించేముందు అప్పటికే ఉందేమో చూసుకోండి, ప్రతిసారీ డేటాబేస్‌కు వెళ్లకుండా కొద్ది నిమిషాల క్యాష్ (తాత్కాలిక నకలు) పెట్టండి. ఆ నిమిషాలే మీ రద్దు ఆలస్యం. డబ్బు వ్యవహారమైతే ఆమోదం బటన్ దగ్గర క్యాష్‌ను పక్కనపెట్టి నేరుగా టేబుల్‌నే అడగండి.

ఇక్కడ ఒక మందుపాతర ఉంది. విండోస్ లాగిన్‌తో వచ్చిన వాడుకరి ఫలానా రోల్‌లో ఉన్నారా అని అడిగితే, డాట్ నెట్ ముందు ఆ పేరుతో విండోస్ గ్రూపు ఉందేమో వెతుకుతుంది, లేకపోతేనే మీరు జోడించిన క్లెయిమ్స్ చూస్తుంది. మీ రోల్‌కు "అడ్మినిస్ట్రేటర్స్" అని ఇంగ్లిష్‌లో పేరు పెట్టారా, వెబ్ సర్వర్ యంత్రం తాలూకు లోకల్ అడ్మినిస్ట్రేటర్లందరూ మీ అప్లికేషన్‌కు కూడా అడ్మిన్లు అయిపోతారు. వెతుకులాటకు పట్టే సమయం అదనం. అందుకని రోల్ పేరుతో అడగడం మానేసి, సొంత క్లెయిమ్ రకం పెట్టుకుని పాలసీల (ఫ్రేమ్‌వర్క్‌లో రాసే అనుమతి నియమాల) ద్వారా పరీక్షించండి.

కలిపిన పద్ధతికి విమర్శ లేకపోలేదు. అధికారం ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికి రెండు చోట్లు చూడాలి. దీనికి మందు ఒక్కటే: "ఈ వాడుకరికి ఉన్న అధికారాలు, ఏది ఎక్కడినుంచి" అని చూపే పేజీ ఒకటి మొదటినుంచే పెట్టండి. దాన్ని తర్వాత కడదామని వాయిదా వేయకండి. హెల్ప్‌డెస్క్ వాళ్లకు ఇంకే పేజీ లేకపోయినా నడుస్తుంది కానీ అది లేకపోతే నడవదు.

సర్వర్ లినక్స్ అయితే

జావా, పీహెచ్‌పీ, పైథాన్ అప్లికేషన్లు లినక్స్ మీద నడుస్తున్నా నెట్‌వర్క్ లాగిన్ వాడుకోవచ్చు. అపాచీ వెబ్ సర్వర్‌కు కెర్బెరోస్ లాగిన్ ఒప్పుకునే జీఎస్‌ఎస్ఏపీఐ మాడ్యూల్ ఉంది, ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో 3.0 నుంచి అదే పనికి నెగోషియేట్ ప్యాకేజీ ఉంది. సర్వీస్ ఖాతా తాళాన్ని కీట్యాబ్ ఫైలుగా సర్వర్‌లో పెట్టాలి, దాన్ని పాస్‌వర్డ్ ఫైలంత జాగ్రత్తగా చూసుకోవాలి. లాగిన్ పేరు వచ్చేస్తుంది. గ్రూపులు మాత్రం విండోస్ మీద వచ్చినంత తేలిగ్గా రావు, ఎల్‌డాప్ (డైరెక్టరీని ప్రశ్నించే ప్రోటోకాల్) ద్వారా విడిగా అడగాలి.

అడిగేటప్పుడు అందరూ మెంబర్ఆఫ్ అనే గుణం చదువుతారు. అందులో నేరుగా ఉన్న గ్రూపులే ఉంటాయి, గ్రూపులోని గ్రూపు రాదు, ప్రైమరీ గ్రూపూ రాదు. డొమైన్‌లో బాగా పనిచేసిన రోల్ ఇక్కడ కొందరికి పనిచేయడం లేదంటే కారణం దాదాపు ఇదే. టోకెన్‌గ్రూప్స్ అనే గుణం అడిగితే విప్పిన సిడ్‌ల జాబితా వస్తుంది. లేదా 1.2.840.113556.1.4.1941 నంబరు గల, గ్రూపులోని గ్రూపులను కూడా వెతికే మ్యాచింగ్ రూల్ వాడొచ్చు, పెద్ద డైరెక్టరీలో అది నెమ్మది. డైరెక్టరీతో మాట్లాడేది ఎల్‌డాప్స్ (ఎన్‌క్రిప్ట్ చేసిన ఎల్‌డాప్) మీద, 636 పోర్టులో ఉండాలి. వాడుకరి ఇచ్చిన పేరును ఫిల్టర్‌లో పెట్టేముందు బ్రాకెట్లు, నక్షత్రం గుర్తుల వంటివి ఎస్కేప్ చేయాలి (మామూలు అక్షరాలుగానే చదివేలా మార్చాలి), ఎస్‌క్యూఎల్‌కు చేసినట్టే.

ఈ దారిలో ఒక లాభం ఉంది. గ్రూపులను మీరే అడుగుతున్నారు కాబట్టి టికెట్ పాతబడే సమస్య లేదు, క్యాష్ ఎంతసేపో మీ ఇష్టం. బదులుగా డైరెక్టరీ ఆగితే ఏం చేయాలో రాసుకోవాలి. జవాబు రాకపోతే రోల్ లేనట్టే లెక్కించండి.

క్లౌడ్ టోకెన్లు

సంస్థ మైక్రోసాఫ్ట్ 365 వాడుతోందంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ ఎంట్రా ఐడీ ఉన్నట్టే. 2023 దాకా దాని పేరు అజ్యూర్ యాక్టివ్ డైరెక్టరీ. ఇక్కడ అప్లికేషన్‌కంటూ యాప్ రోల్స్ నిర్వచించి, వాటికి మనుషులనో గ్రూపులనో కేటాయించవచ్చు. టోకెన్‌లో ఆ అప్లికేషన్‌కు చెందిన రోల్స్ మాత్రమే వస్తాయి. పైన చెప్పిన మ్యాపింగ్ టేబుల్ పనిని ఒకరకంగా వాళ్లే చేసిపెట్టారు. ఫోన్లు, ఇంటి కంప్యూటర్లు, రెండో అంచె ధ్రువీకరణ అన్నీ కలిసొస్తాయి. కొత్తగా మొదలుపెట్టి, వాడుకరులు ఆఫీసు గోడలు దాటుతారని తెలిస్తే నా ఓటు దీనికే.

యాప్ రోల్స్ బదులు గ్రూపులనే టోకెన్‌లో పంపమని అడగొచ్చు కానీ అడగకండి. టోకెన్లకు రెండు రూపాలున్నాయి: జేడబ్ల్యూటీ టోకెన్‌లో 200, సామల్ టోకెన్‌లో 150 దాటితే గ్రూపుల జాబితా టోకెన్‌లో రాదు, గ్రాఫ్ ఏపీఐ అనే మైక్రోసాఫ్ట్ సేవను అడిగి తెచ్చుకోవాలి. మళ్లీ మునుపటి జనరల్ మేనేజరే బయట నిలబడతారు. యాప్ రోల్స్‌లోనూ ఒక మెలిక ఉంది. గ్రూపుకు రోల్ కేటాయిస్తే అందులో నేరుగా ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, లోపలి గ్రూపులకు దిగదు. గ్రూపులను కేటాయించడానికి పైస్థాయి లైసెన్సు కూడా కావాలి.

రద్దు ఆలస్యం ఇక్కడ ఇంకో రూపంలో వస్తుంది. టోకెన్ తీసుకున్నాక వెబ్ అప్లికేషన్ సాధారణంగా తన కుకీ ఇస్తుంది, రోల్స్ ఆ కుకీలో కూర్చుంటాయి. కుకీ గడువు వారం పెట్టారంటే పీకేసిన రోల్ వారం దాకా బతుకుతుంది. కుకీ గడువును పనిదినానికి మించనివ్వకండి.

లైసెన్సులకు డబ్బు లేని కళాశాలలు, చిన్న సంస్థలు ఇదే తరహా లాగిన్ సర్వర్ కీక్లోక్ చూడొచ్చు. ఓపెన్ సోర్స్, సొంత సర్వర్‌లో నడుస్తుంది, యాక్టివ్ డైరెక్టరీనుంచి వాడుకరులను, గ్రూపులను తెచ్చుకుంటుంది, కెర్బెరోస్ లాగిన్ కూడా ఒప్పుకుంటుంది. దాన్ని నడిపే మనిషి ఒకరు ఉండాలి. ఒక్క అప్లికేషన్ కోసమైతే ఆ శ్రమ దండగ, అయిదారు ఉంటే గిట్టుబాటవుతుంది.

పాత అప్లికేషన్ చేతికొస్తే

2005లో వచ్చిన ఏఎస్‌పీ డాట్ నెట్ 2.0 నాటి రోల్ ప్రొవైడర్లు (రోల్స్ ఎక్కడినుంచి తేవాలో చూసుకునే భాగాలు) ఇంకా చాలా ఆఫీసుల్లో నడుస్తున్నాయి. విండోస్ టోకెన్ ప్రొవైడర్ గ్రూపులను చదవడానికే పనికొస్తుంది, దానితో రోల్స్ సృష్టించలేం, మార్చలేం. మార్చుకోవాలంటే ఎస్‌క్యూఎల్ రోల్ ప్రొవైడర్ ఉంది, విండోస్ లాగిన్‌తో కూడా కలిసి పనిచేస్తుంది. పాతది పాతగానే బతకాలంటే ఇది చాలు. ఆథరైజేషన్ మేనేజర్ అనే పాత విండోస్ సాధనం మీద కట్టినదైతే బయటికి రావడానికి ప్రణాళిక వేసుకోండి, 2012 ఆర్2 సర్వర్ కాలంలోనే మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేస్తున్నట్టు చెప్పింది.

ఎవరికి ఏది

వాడుకరులందరూ ఆఫీసులోనే, రోల్స్ రెండు మూడే, ఏడాదికి నాలుగైదు మార్పులే, ఐటీ విభాగం చురుగ్గా స్పందిస్తుంది. అలాంటప్పుడు గ్రూపులు చాలు, ఇంకేమీ కట్టొద్దు. రిపోర్టులు చూసే సైట్లు, ఫోన్ డైరెక్టరీలు ఈ తరహావి.

అధికారం విభాగాన్ని బట్టో, సొమ్మును బట్టో, తేదీని బట్టో మారుతుందంటే కలిపిన పద్ధతి. మన ఇండెంట్ అప్లికేషన్ ఇక్కడికే వస్తుంది. ఐటీ విభాగం గ్రూపులు పెట్టడానికే ఒప్పుకోకపోతే, లేదా డైరెక్టరీ వేరే సంస్థ చేతిలో ఉంటే సొంత టేబుల్ తప్ప దారి లేదు, అప్పుడు ముగింపు తేదీల మాట మరవొద్దు. బయటి మనుషులు, ఫోన్లు ఉంటే క్లౌడ్ టోకెన్, విభాగాల వారీ అధికారాలు మాత్రం అప్పుడు కూడా మీ టేబుల్లోనే. టోకెన్ రోల్ చెప్పగలదు కానీ ఏ విభాగపు ఏ ఇండెంట్ అన్నది దానికి తెలియదు.

ఏది ఎంచుకున్నా తప్పనివి

రోల్ ఒక్కటే చాలదు. విభాగాధిపతి కూడా ఇండెంట్ పెట్టగలరు, ఆమోదించగలరు, అంటే తన ఇండెంట్‌ను తానే ఆమోదించుకోగలరు. 1992లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చెందిన డేవిడ్ ఫెరాయెలో, రిచర్డ్ కూన్ రోల్ ఆధారిత పద్ధతిని ప్రతిపాదించినప్పటినుంచీ బాధ్యతల విభజన ఆ చర్చలో భాగమే. చాలా అప్లికేషన్లలో ఆ భాగం ఎగిరిపోతుంది. ఆమోదించేవారు, పెట్టినవారు వేర్వేరని ఆ వరుస స్థాయిలో పరీక్షించాలి.

బటన్ దాచడం రక్షణ కాదు, అడ్రసు తెలిసినవాళ్లు నేరుగా పంపగలరు. అనుమతి పరీక్ష సర్వర్‌లో, ప్రతి చర్య దగ్గరా ఉండాలి. ఏదీ రాయని పేజీ మూసి ఉండేలా మొదటే నియమం పెట్టండి, లేకపోతే కొత్తగా చేరిన డెవలపర్ రాసిన పేజీ అందరికీ తెరిచి ఉంటుంది. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 లోపాల జాబితాలో అనుమతుల లోపాలు మొదటి స్థానంలో ఉన్నది ఊరికే కాదు.

విండోస్ లాగిన్‌లో బ్రౌజర్ ఎవరినీ అడగకుండా తనంతట తానే వాడుకరిని నిరూపించేస్తుంది. ఆ సౌకర్యాన్నే దుర్మార్గపు పేజీ కూడా వాడుకోగలదు: వాడుకరి ఇంకో ట్యాబ్‌లో ఏదో లింకు నొక్కితే ఆయన పేరుతో ఇండెంట్ ఆమోదమైపోవచ్చు. లాగిన్ పేజీ లేదు కదా అని యాంటీ ఫోర్జరీ టోకెన్ (రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని నిరూపించే రహస్య విలువ) వదిలేస్తారు. నిజానికి ఇక్కడే దాని అవసరం ఎక్కువ.

అనుమతి లేదని చెప్పే తీరు కూడా చూసుకోండి. పాత ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీలో రోల్ లేకపోతే 401 (లాగిన్ కావాలి అనే కోడ్) వెళుతుంది. బ్రౌజర్ దాన్ని లాగిన్ తప్పుగా అర్థం చేసుకుని పాస్‌వర్డ్ పెట్టె తెరుస్తుంది. వాడుకరి మళ్లీ మళ్లీ కొడతారు, పాస్‌వర్డ్ పనిచేయడం లేదని హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తారు. లాగిన్ అయి అనుమతి లేనివాళ్లకు 403 (అనుమతి లేదు అనే కోడ్) పంపి, ఎవరిని అడిగితే అనుమతి వస్తుందో ఆ పేజీలో తెలుగులో రాయండి.

పరీక్షించడానికి ప్రతి రోల్‌కూ ఒక డొమైన్ టెస్ట్ ఖాతా అడిగి తీసుకోండి, ఏ రోల్ లేని ఖాతా కూడా ఒకటి. రనాజ్ ఆదేశంతో వేరే వాడుకరిగా బ్రౌజర్ తెరిస్తే లాగాఫ్ అవకుండానే అందరి కళ్లతోనూ సైట్ చూడొచ్చు. ఏది తెరుచుకుంటుందో చూడటం తేలిక, ఎవరైనా చూస్తారు. తెరుచుకోకూడనివి రాసిపెట్టుకుని ప్రతి రిలీజ్‌కు ముందు ఆ జాబితా నడపండి: స్టోర్స్ ఖాతాతో ఆమోదం, మెకానికల్ ఖాతాతో సివిల్ ఇండెంట్, నిన్నటితో గడువు తీరిన ఇన్‌ఛార్జి ఖాతాతో ఏదైనా. అన్నిటికీ 403 రావాలి.